సాండా బల్లి: బొరియలు, తిండి, లెక్కింపు గురించి తెలిసినవాళ్ళు రాయండి

చవిటినేల:
థార్ ఎడారిలో సాండా బొరియల లెక్కింపుకి ఒక విద్యార్థి బృందం సిద్ధమవుతోంది. వాళ్ళకి ముందుగా చదివించడానికి తెలుగులో ఒకచోట సమాచారం కావాలి. ఇది ఏ జీవి, ఎలాంటి నేలలో ఉంటుంది, ఏ నెలలో ఏ వేళకి బయటికొస్తుంది, ఏ కన్నాన్ని లెక్కలోకి తీసుకోవాలి, కన్నాల లెక్క నుంచి బల్లుల లెక్కకి ఎలా రావాలి? చేయకూడని పనులు ఏమైనా ఉంటే అవి కూడా చెప్పండి. ఎవరికి ఏది బాగా తెలిస్తే అది రాయండి.

పొలుసు:
గుర్తింపు సంగతి నేను చెబుతాను. శాస్త్రనామం సారా హార్డ్‌వికీ. 1827లో జాన్ ఎడ్వర్డ్ గ్రే దీన్ని యూరోమాస్టిక్స్ ప్రజాతిలో వర్ణించాడు. హార్డ్‌విక్ అన్నది భారతదేశంలో పనిచేసిన సైనికాధికారి, ప్రకృతి పరిశీలకుడు థామస్ హార్డ్‌విక్ పేరు. 2009లో దీన్నీ, ఇరాన్ వైపు ఉండే రెండు దగ్గరి చుట్టాలనీ కలిపి సారా అనే ప్రజాతి కిందకి మార్చారు. పాత పుస్తకాల్లో యూరోమాస్టిక్స్ అని కనబడితే అదీ ఇదే జీవి. కుటుంబం అగామిడే, అంటే మన తొండల కుటుంబమే. ఉడుము వేరే కుటుంబం.

మగది తోకతో కలిపి 40 నుంచి 49 సెంటీమీటర్లు, ఆడది 34 నుంచి 40. తల గుండ్రంగా, మూతి పొట్టిగా, ఒళ్ళు పైనుంచి అదిమినట్టు వెడల్పుగా ఉంటుంది. రంగు ఇసుక పసుపు, దాని మీద ముదురు చుక్కలు, తొడ ముందుభాగాన పెద్ద నల్లమచ్చ. అసలు గుర్తు మాత్రం తోకే. ముళ్ళలాంటి పొలుసులు వలయాలుగా ఉంటాయి, రెండు ముళ్ళ వలయాల మధ్య చిన్న పొలుసుల వరసలు వస్తాయి. యూరోమాస్టిక్స్‌లో ఆ మధ్య వరసలు ఉండవు. సారాని విడదీయడానికి చూసిన లక్షణాల్లో ఇదొకటి.

దూరం నుంచి ఉడుము పిల్ల అనుకునేవాళ్ళు ఉంటారు. ఉడుముకి నాలుక పాములా రెండుగా చీలి ఉంటుంది, మెడ పొడుగు, తోక మీద ముళ్ళు ఉండవు. సాండాకి చీలిన నాలుక లేదు. ఆంధ్ర, తెలంగాణల్లో ఈ జాతి సహజంగా లేదు. రాజస్థాన్, కచ్, హర్యానాలో కొంత, సరిహద్దు అవతల పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లో కొన్ని ప్రాంతాలు, అంతే దాని ఉనికి.

గడ్డిభూమి:
ఎడారి అనగానే చాలామంది ఇసుకతిన్నెలకేసి నడుస్తారు. సాండా కోసం అక్కడికి వెళ్తే రోజంతా వృథా. దానికి కావలసింది చదునుగా, గట్టిగా ఉన్న నేల. గులకరాళ్ళ మైదానం, కొంచెం మట్టి కలిసిన గట్టి ఇసుక, చవిటి పర్రల అంచులు, పలచగా గడ్డి మొలిచే బీడు, ఇవీ దాని ఊళ్ళు. కారణం బొరియ. వదులు ఇసుకలో తవ్వితే కప్పు కూలుతుంది. మరీ రాతినేల అయితే గోళ్ళు దిగవు. వాన పడితే నీళ్ళు నిలిచే పల్లం కూడా పనికిరాదు. ఈ మూడింటికీ మధ్యనున్న నేల దొరికినచోట గుంపుగా ఉంటాయి, దొరకనిచోట కిలోమీటర్ల కొద్దీ ఒక్కటీ ఉండదు. లెక్కింపు రూపకల్పన అంతా ఈ ఒక్క విషయం మీద ఆధారపడాలి.

బొరియ వెడల్పు 6 నుంచి 8 సెంటీమీటర్లు, పొడవు రెండు మీటర్లు దాటుతుంది. తిన్నగా దిగదు. ఏటవాలుగా మొదలై వంకర్లు తిరిగి, కొన్నిసార్లు మెలికపడి, చివర చిన్న గదిలో ముగుస్తుంది. ద్వారం నేలమట్టానికే ఉంటుంది. ఒక బొరియకి ఒక్క బల్లే, తల్లితో ఉన్న పిల్లలు మాత్రం మినహాయింపు. సాయంత్రం లోపలికి పోయాక మట్టితో ద్వారం మూసుకునే అలవాటుంది.

మే, జూన్ మధ్యాహ్నాల్లో నేల పైపొర యాభై డిగ్రీల సెల్సియస్ దాటిపోతుంది. లోపలి గదిలో వేడి అంతకన్నా చాలా తక్కువ. గాలిలో తేమ కూడా బయటికన్నా ఎక్కువ, కాబట్టి ఊపిరితో పోయే నీరు తగ్గుతుంది. వేసవి వేడి, డిసెంబరు చలి, గద్ద, నక్క, అన్నింటికీ దాని జవాబు ఆ రెండు మీటర్ల సొరంగమే. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, బొరియలో కర్ర పెట్టి కెలకడం, ద్వారం మీద నడవడం, 'లోపల ఎలా ఉందో చూద్దాం' అని తవ్వడం చేస్తే ఆ జంతువుకి ఉన్న ఒకే ఒక్క రక్షణ పోయినట్టే. మండువేసవి పగటిపూట కప్పు కూలిన బొరియ ముందు నిలబడ్డ సాండాకి వేరే దారి లేదు.

మరుధర:
రోజు, ఏడాది పట్టిక నా వంతు.

పొద్దున తల మాత్రం బయటపెట్టి కాసేపు ఆగుతుంది. తర్వాత ఒళ్ళంతా బయటికి తెచ్చి ఎండకి అడ్డంగా పరుచుకుంటుంది. అప్పుడు ఒళ్ళు ముదురు రంగులో ఉంటుంది, వేడి త్వరగా ఎక్కడానికి. ఒళ్ళు వేడెక్కేకొద్దీ రంగు లేతబడుతుంది. నలభై డిగ్రీలకి దగ్గరగా చేరిన ఒంటివేడితో అది చురుగ్గా మేస్తుంది, మన చేతికి జ్వరం తగిలినట్టుండే వేడి దానికి మామూలు పనివేడి. వసంతంలోనూ వానలయ్యాకా మధ్యాహ్నం చుట్టూ ఒకే పూట బయట ఉంటుంది. నడి వేసవిలో ఆ పూట రెండుగా చీలుతుంది: పొద్దున కొంతసేపు, మళ్ళీ ఎండ తగ్గాక కొంతసేపు. మధ్యలో బొరియే. గాలి దుమారం లేచినా మబ్బు కమ్మినా బయటికి రాదు.

చలికాలం మొదలయ్యేసరికి ద్వారం మూసుకుని శీతనిద్రలోకి పోతుంది. ఇంచుమించు నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా అనుకోండి, ఆ ఏటి చలిని బట్టి ముందువెనకలు. అన్నాళ్ళూ తోక మొదట్లో, పొట్టలో దాచిన కొవ్వు మీదే బతుకుతుంది. లేచిన కొద్ది రోజులకే జతకట్టే కాలం. గుడ్లు వేసవిలో పెడుతుంది, 8 నుంచి 15, తెల్లగా, పావురం గుడ్డంత. పిల్లలు వానాకాలంలో పైకొస్తాయి, అప్పటికి లేత చిగురూ పురుగులూ రెండూ దొరుకుతాయి. పుట్టినవాటిలో మొదటి ఏడాది దాటేవి కొన్నే.

వృక్షమిత్ర:
పెద్ద సాండా ప్రధానంగా శాకాహారి. మన దేశపు బల్లుల్లో ఈ అలవాటు చాలా అరుదు. గడ్డి, ఆకులు, పూలు, గింజలు, కేర్ పొద పూలూ కాయలూ, జమ్మి చెట్టు కింద రాలినవీ తింటుంది. పిల్లలు పురుగుల్ని ఎక్కువ తింటాయి, పెరిగేకొద్దీ మొక్కల వైపు మళ్ళుతాయి. పెద్దవి కూడా వానాకాలంలో చీమలూ పెంకుపురుగులూ మిడతలూ దొరికితే వదలవు. కాబట్టి రెట్టలో పురుగు రెక్క కనిపించిందని అది వేరే జీవిదని కొట్టేయకండి.

గడ్డి కొరకడానికి తగ్గ ఏర్పాటు నోటిలోనే ఉంది. ఈ వర్గపు పెద్ద బల్లులకి ముందు పళ్ళు అరిగిపోయి, పై దవడ ముందు ఎముకే కిందికి పెరిగి కోసే అంచుగా మారుతుంది. పీచు అరగడానికి పెద్దపేగులో సూక్ష్మజీవులు పనిచేస్తాయి, ఆ పని సాగాలంటే ఒంట్లో వేడి ఉండాలి. చల్లటి రోజున బల్లి తిన్నా అరగదు. మబ్బు పట్టిన రోజు మేతకి రాకపోవడానికి ఇది పెద్ద కారణం.

ఎడారి మొక్కల్లో ఉప్పులు ఎక్కువ, ముఖ్యంగా పొటాషియం. వాటిని మూత్రంతో పోగొట్టాలంటే నీళ్ళు కావాలి, అవి లేవు. అందుకే ముక్కులోని లవణ గ్రంథుల ద్వారా చిక్కటి ఉప్పునీరుగా బయటికి నెట్టేస్తుంది. అది ఎండి ముక్కురంధ్రాల చుట్టూ తెల్లగా పేరుకుంటుంది. ఫోటోల్లో ఆ తెల్లటి పొర చూసి జబ్బు అనుకోవద్దు, ఆరోగ్యంగా మేస్తున్న బల్లికి అది ఉండాల్సిందే. రెట్టలో కనిపించే తెల్లభాగం వేరు, అది యూరిక్ ఆమ్లం. నీళ్ళు దాదాపు ఖర్చు కాకుండా నత్రజని వ్యర్థాన్ని విడిచిపెట్టే పద్ధతి.

చవిటినేల:
ఎంతో ఉపయోగం, అందరికీ ధన్యవాదాలు. ఒక చిక్కు ఉంది. ఆ మైదానాల్లో ఎడారి ఎలుకల కన్నాలు కూడా వేలల్లో ఉంటాయి. కొత్త పిల్లలు రెండింటినీ కలిపేయకుండా ఏం చూడమనాలి?

గడ్డిభూమి:
మొదట ఆకారం. సాండా ద్వారం కింద చదునుగా, పైన వంపుగా, అరచంద్రంలా ఉంటుంది, దాని ఒంటి అడ్డుకోతే అది. జర్డ్ అనే ఆ ఎడారి ఎలుక కన్నం గుండ్రం. పైగా ఎలుకలది కాలనీ, ఒకదానికొకటి కలిసే పది ఇరవై కన్నాలు దగ్గరదగ్గరగా, వాటి మధ్య ఎలుకలు నడిచిన బాటలు, గింజల పొట్టు. సాండాది ఒంటరి ద్వారం.

తర్వాత జాడలు. ద్వారం ముందు మెత్తటి మట్టి మీద ఇరువైపులా గోళ్ళ గుర్తులు, మధ్యలో తోక ఈడ్చిన గీత ఉంటే అనుమానం అక్కర్లేదు. దగ్గర్లో పీచుతో కూడిన ఎండు రెట్ట, ఒక చివర తెల్లగా. ఎడారి ఉడుము కన్నమైతే పెద్దది, దాని రెట్టలో ఎముకముక్కలూ వెంట్రుకలూ ఉంటాయి. ఉడుము సాండాలనే తింటుంది, కాబట్టి ఉడుము ఆక్రమించిన సాండా బొరియ కూడా ఎదురవుతుంది. అలాంటిదాన్ని నమోదు కాగితంలో 'అనుమానం' అన్న చోట రాయండి, బలవంతంగా ఏదో ఒక వైపు నెట్టకండి.

వాడుకలో ఉన్నదా, వదిలేసిందా అన్నది మూడో మెట్టు. సాలెగూడు, ద్వారంలో పేరుకున్న ఎండుగడ్డి, గాలికి నిండిన ఇసుక, విరిగిన అంచు, వీటిలో ఏవైనా రెండు కనిపిస్తే వదిలేసినది. అంచు నునుపుగా, తాజా మట్టితో ఉంటే వాడుకలో ఉన్నది. పాత బొరియలు ఏళ్ళ తరబడి అలాగే నిలుస్తాయి. కన్నాల మొత్తాన్నే బల్లుల మొత్తంగా రాసేస్తే లెక్క ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. ఇలాంటి సర్వేల్లో జరిగే పెద్ద తప్పు ఇదే.

అంకెలపని:
ఇక లెక్క. గుంపులుగా ఉండే జీవి కాబట్టి, ముందు ప్రాంతాన్ని నేల రకాన్ని బట్టి విడదీయండి: గట్టి మైదానం, చవిటి అంచు, తిన్నె, సాగుభూమి. ఒక్కో రకంలో గడులు, అంటే కన్నాలు లెక్కించే చదరపు నేలముక్కలు, ఎక్కడ పడాలో పటం మీద యాదృచ్ఛికంగా ఎంచుకోండి. బల్లులు కనిపించిన చోటే గడి వేస్తే, ఎన్ని గడులు వేసినా ఆ తప్పు సరికాదు.

గడి 50 మీటర్లు × 50 మీటర్లు, అంటే పావు హెక్టారు. నాలుగు మూలలా మేకులు, చుట్టూ తాడు. నలుగురు అయిదు మీటర్ల ఎడంతో ఒకే వరసలో నెమ్మదిగా నడవాలి, అలా మూడు నడకలకి గడి పూర్తవుతుంది. ప్రతి కన్నం దగ్గరా వెడల్పు, ఎత్తు మిల్లీమీటర్లలో, వాడుక స్థితి, అడుగు దూరంలో ఉన్న మొక్క రాయాలి. వెడల్పు ఎందుకంటే, చిన్న ద్వారాలు పిల్లలవి. వాటిని విడిగా కూడితే ఆ ఏడు సంతానం ఎలా ఉందో తెలుస్తుంది. పడిన గడుల్లో నాలుగో వంతుని వేరే జట్టు చేత, మొదటి జట్టు కాగితం చూపించకుండా మళ్ళీ నడిపించండి. ఇద్దరూ చూసినవి, ఒక్కరే చూసినవి తేలితే ఎన్ని కన్నాలు కంటపడకుండా పోతున్నాయో అంచనా కట్టొచ్చు.

వాడుకలో ఉన్న కన్నాల్లో నిజంగా బల్లి ఎన్నింటిలో ఉందో తెలుసుకోవడానికి, చీకటి పడ్డాక ద్వారం ముందు 30 సెంటీమీటర్ల మేర మట్టిని మెత్తటి బ్రష్‌తో చదును చేసి, మర్నాడు మధ్యాహ్నం జాడ చూడండి. వరసగా మూడు రోజులు. ఉదాహరణకి 40 గడులు, అంటే 10 హెక్టార్లు. కన్నాలు 180, వాడుకలో ఉన్నట్టు తోచినవి 110. వాటిలో 50 ఎంచి చదును చేస్తే 40 దగ్గర జాడ పడింది. నిష్పత్తి 0.8. అప్పుడు 110 × 0.8 = 88, అంటే హెక్టారుకి 8.8. ఇవి పద్ధతి చూపడానికి వేసుకున్న అంకెలు మాత్రమే. సగటుతో పాటు గడికీ గడికీ ఉన్న తేడాని కూడా రాయకపోతే ఆ సగటుకి విలువ లేదు. సగం గడుల్లో సున్నా, రెండు గడుల్లో ఇరవై చొప్పున రావడం ఈ జీవికి మామూలు.

డేగకన్ను:
చదును చేసే పద్ధతి మీద నాకు అభ్యంతరం ఉంది. గట్టి నేల మీద గోళ్ళ జాడ సరిగ్గా పడదు, మే నెల గాలికి మెత్తటి మట్టి గంటలో చెదిరిపోతుంది. జాడ లేదంటే బల్లి లేదని అర్థం కాదు. నా మాట వింటే కూర్చుని చూడటమే మేలు. 8×42 దుర్భిణి, 40 మీటర్ల దూరం, నిలబడకుండా కూర్చోవాలి లేదా బండిలోంచే చూడాలి. పొద్దున బల్లులు పైకొచ్చే వేళకి అరగంట ముందే కదలకుండా ఉండాలి. పది నిమిషాలకొకసారి గడి మొత్తం ఒక చివర నుంచి మరో చివర దాకా చూసి, కనిపించిన బల్లుల్లో అత్యధిక సంఖ్యని ఆ గడి అంకెగా తీసుకోవాలి. అన్నీ ఒకేసారి బయటికి రావు కాబట్టి అది కనీస సంఖ్య మాత్రమే.

ఆ పైన గద్దలున్నాయేమో రాసుకోండి. లగ్గర్ డేగ, టానీ గద్ద, పొడుగుకాళ్ళ బజార్డ్ సాండాల్ని బాగా వేటాడతాయి. నీడ పడగానే మైదానం మొత్తం ఖాళీ అయిపోతుంది, ఆ తర్వాత కొంతసేపటి దాకా తీసిన అంకె పనికిరాదు. చుట్టంతటా మనుషులు నడిచినా అంతే. నేలమీద నక్క, ఎడారి పిల్లి, ఉడుము వస్తే బొరియలోకి దూరి, ఒళ్ళు ఉబ్బించి గోడలకి బిగదీసుకుని, ద్వారం వైపు తోక పెట్టి కొరడాలా విసురుతుంది. ఇంటి బల్లిలా తోక తెంపుకునే గుణం లేదు. కాబట్టి తోక పట్టి లాగితే ఊడదు, జంతువే గాయపడుతుంది.

అంకెలపని:
గాలి విషయం ఒప్పుకుంటాను. గట్టి నేలలో అక్కడి మట్టినే జల్లెడపట్టి పలచగా చల్లితే జాడ పడుతుంది, గాలి రోజుల్ని లెక్కలోంచి తీసేయాలి. రెండు పద్ధతులూ ఒకే పది గడుల్లో పక్కపక్కన చేసి పోల్చడం అన్నిటికన్నా మంచిది. ఇంత ఖర్చుపెట్టి వెళ్ళిన బృందం ఆ పోలిక లేకుండా రాకూడదు.

నేలవేడి కొలిచేవాళ్ళకి ఒక మాట. చేతి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌లో ఉద్గారత (నేల ఎంత బాగా వేడిని వెదజల్లుతుందో చెప్పే అంకె) 0.95 దగ్గర పెట్టి, నీడ పడకుండా, మోకాలి ఎత్తునుంచి కొలవండి. బొరియ లోపలి వేడి కావాలంటే వదిలేసిన బొరియలోనే సెన్సార్ పెట్టండి, వాడుకలో ఉన్నదానిలో వద్దు.

రేగడి:
సాండా నూనె కీళ్ళనొప్పులకీ మగతనానికీ మందని వీధుల్లో అమ్ముతారు. అందులో నిజం ఎంత?

పశువైద్యం:
ఏమీ లేదు. అది చలికాలం గడపడానికి జంతువు దాచుకున్న కొవ్వు. కరిగిస్తే మామూలు కొవ్వు ఆమ్లాలే వస్తాయి. ఆ రెండు జబ్బుల్లో దేన్నీ నయం చేస్తుందనడానికి వైద్యపరమైన రుజువు లేదు. దానికోసం బతికున్న జంతువు వెన్ను విరిచి, పారిపోకుండా చేసి, రోజుల తరబడి ఎదురుగా పెట్టి అమ్ముతారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద ఇది రక్షిత జీవి. పట్టడం, పెంచడం, అమ్మడం, కొనడం అన్నీ నేరాలే. అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ అనే వన్యప్రాణి వ్యాపార ఒప్పందం రెండో అనుబంధం కింద నియంత్రణలో ఉంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్రజాబితాలో ముప్పుకి లోనయ్యే (వల్నరబుల్) వర్గంలో ఉంది.

ఎక్కడైనా అమ్మకం కంటపడితే మీరే కొని విడిపించవద్దు, ఆ డబ్బుతో ఇంకో పదింటిని పడతారు. అటవీశాఖకి చెప్పండి. స్వాధీనం చేసుకున్నవి చేతికొస్తే ఒక్కోదాన్ని విడి గుడ్డసంచిలో, నీడలో ఉంచాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. చల్లబడి, నీరసించి ఉన్న బల్లి నోట్లో తిండి కుక్కకూడదు, ముందు ఒళ్ళు వేడెక్కాలి, తర్వాత నీటి లోటు తీరాలి, ఆ తర్వాతే తిండి. నోట్లో బలవంతంగా నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వెనక కాళ్ళు ఈడుస్తుంటే ఎక్స్‌రే తప్పనిసరి, వెన్ను విరిగినది బొరియ తవ్వలేదు, వదిలితే ఆ రోజే పోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాటిని వెచ్చటి నెలల్లో, పొద్దున పూట, గట్టి నేల ఉన్నచోటే వదలాలి. డిసెంబరులో వదలడం చంపడంతో సమానం, తవ్వడానికి ఒంట్లో వేడి ఉండదు, దాక్కోవడానికి బొరియ ఉండదు.

గడ్డిభూమి:
వేటతో పాటు నేల పోవడం గురించి కూడా ఆ పిల్లలకి చెప్పాలి. 1958లో మొదలైన ఇందిరా గాంధీ కాలువ వచ్చాక గట్టి బీళ్ళు పొలాలయ్యాయి. ట్రాక్టరు నాగలి ఒకసారి తిరిగితే ఆ చాలులోని బొరియలన్నీ పోతాయి. నీళ్ళు పారితే నేల మెత్తబడి మళ్ళీ తవ్వినా నిలవదు. కచ్‌లోని బన్నీ గడ్డిమైదానంలో 1960ల నుంచి నాటిన సర్కారు తుమ్మ అల్లుకుపోయింది. దాని నీడలో ఎండ కాచుకునే చోటూ ఉండదు, తినే గడ్డీ మొలవదు. పచ్చబడింది కదా అని సంతోషించే చోట ఈ బల్లి కనుమరుగవుతుంది. సౌర పలకల కోసం చదును చేసిన మైదానాలదీ ఇదే కథ. రికార్డుల్లో 'బంజరు' అని రాసి ఉన్న నేలే దానికి అసలైన ఇల్లు. చూరు జిల్లాలోని తాల్ ఛాపర్ ఇంత చిన్న అభయారణ్యమై కూడా సాండాలతో నిండి ఉందంటే, కృష్ణజింకల కోసం ఆ గడ్డినేలని దున్నకుండా కాపాడటం వల్లే.

డేగకన్ను:
ఇంకొకటి, ముఖ్యమైనది. బొరియల జీపీఎస్ అంకెలు, గుర్తుపట్టగలిగే ఫోటోలు ఎక్కడా బయటపెట్టకండి. ఫోన్ ఫోటోలో స్థానం దానంతటదే నమోదవుతుంది, ముందే ఆపేయండి. సాండాల్ని పట్టేవాళ్ళు కూడా నెట్ చూస్తారు. నివేదికలో జిల్లా, నేల రకం చాలు.

చవిటినేల:
రాసుకున్నాను. ఆఖరి ప్రశ్న. బృందానికి సెలవులు అక్టోబరులో. అప్పుడు చేయొచ్చా, మార్చి దాకా ఆగాలా?

మరుధర:
అక్టోబరు మొదటి సగం పరవాలేదు, నెలాఖరుకి చలి దిగితే కొన్ని ద్వారాలు మూతపడటం మొదలవుతుంది. మూసిన ద్వారం ఖాళీ నేలలాగే ఉంటుంది, నడిచేవాళ్ళు దాటిపోతారు. పైగా ఆ ఏటి పిల్లలు ఇంకా తల్లి బొరియలో ఉండొచ్చు, ఒక కన్నానికి ఒక బల్లి అన్న లెక్క తప్పుతుంది. మార్చి రెండో సగం నుంచి ఏప్రిల్ దాకా అయితే పెద్దవన్నీ పైకొస్తాయి, పిల్లల గందరగోళం లేదు, మధ్యాహ్నం నేల భరించగలిగేలా ఉంటుంది. అక్టోబరే కుదిరితే ఆ అంకెల్ని అక్టోబరు అంకెలతోనే పోల్చండి, మార్చివాటితో కలపకండి. అభయారణ్యం లోపలైతే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి అనుమతి కావాలి, దరఖాస్తు నెలల ముందే పెట్టండి.